వెనక చక్రం బేరింగూ, బొంబాయి బావమరిదీ

కొత్తవాడ, వరంగల్
14-11-1983

చిరంజీవి లింగమూర్తికి,

మీ బావ మార్కండేయులు ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేను, మీ అక్క విమల, మా అమ్మ పోశవ్వ క్షేమంగానే ఉన్నాం. కారు క్షేమంగా లేదు.

అది నీ మాట మీద కొన్న కారు. "పాత అంబాసిడర్ అయితేనేం బావా, కళ్ళు మూసుకుని తీసుకోండి. ఏ రోగం వచ్చినా బొంబాయి నుంచి ఉత్తరంలో మందు చెప్తాను" అని రాశావు. కళ్ళు మూసుకునే తీసుకున్నాను. నెల రోజులుగా వెనక నుంచి ఒకటే మూలుగు. మెల్లగా పోతే సన్నగా, వేగంగా పోతే గట్టిగా. జంపఖానాల మూటలు వేసుకుని హనుమకొండ పోయి వచ్చేసరికి తల పగిలిపోతోంది. ఏ చక్రమో తేల్చుకుందామని మన మగ్గాల కాడి కట్టయ్యకు స్టీరింగు ఇచ్చి, నేను డిక్కీలో కూర్చుని మూత ఎత్తి పట్టుకుని విన్నాను. చౌరస్తాలో పోలీసాయన ఆపి, "ఏం సేటూ, ముందల జాగ లేదా?" అన్నాడు.

పోచమ్మ మైదాన్ భాస్కర్ మెకానిక్ దగ్గరికి పొమ్మంటావేమో, పోలేను. కిందటేడు అతను ఇంజను విప్పుతుంటే పక్కన నిలబడి, "మా బామ్మర్ది బొంబాయిల పెద్ద మెకానిక్, గిట్ల విప్పడు" అన్నాను. మూడుసార్లు అన్నానట. అతను పానా తెచ్చి నా చేతిలో పెట్టి, "అయితె ఆయన్నే పిలువుండ్రి" అన్నాడు.

అసలు సంగతి నీకు తెలియనిది కాదు. మాఘ పున్నమికి మేడారం జాతర. నిరుడు నీకు కామెర్లు ముదిరి బొంబాయి దవాఖానలో పడ్డప్పుడు, తమ్ముడు బతికితే అతని బరువెత్తు బంగారం ఇస్తానని మీ అక్క సమ్మక్కకు మొక్కింది. అక్కడ బంగారమంటే బెల్లమే అనుకో, కానీ తక్కెడలో ఒకవైపు నువ్వు కూర్చోవాలి. మొక్కు తీరేదాకా బెల్లం, చక్కెర ముట్టనని ఆమె ఒట్టు పెట్టుకుంది. తాను తాగే చప్పటి చాయ్ నాకూ పోస్తోంది. ఈ జాతర తప్పితే ఇంకో రెండేళ్ళు నాకు ఆ చాయే గతి. కాబట్టి కారుకు మందు చెప్పు, నువ్వు సెలవు పెట్టు.

ఇట్లు,
చప్పటి నోటితో, మీ బావ
మార్కండేయులు

తాజా కలం: తమ్ముడా, విమలక్క రాసేది. మీ బావ డిక్కీ సంగతి సగమే రాసిండు. మర్లొచ్చేటప్పుడు మూత పడ్డది. కట్టయ్య కారు ఇంటి ముందల పెట్టి, చాయ్ తాగి పోయిండు. గంట సేపైనంక మనిషేడని మేం దేవులాడినం.

*

బొంబాయి
20-11-1983

పూజ్యులైన బావగారికి,

లింగమూర్తి నమస్కారాలు. మీ ఉత్తరం చదువుతుంటేనే నాకిక్కడ ఆ మూలుగు వినబడింది. అది బేరింగే, సందేహం లేదు. మేమిక్కడ పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు మారుస్తాం. పోసుకున్న చాయ్ చల్లారేలోపు అయిపోయే పని. ఇంట్లోనే చేసుకోవచ్చు.

ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టండి. వెనక జాకీతో ఎత్తి ఇటుకలు పేర్చండి. చక్రాన్ని చేత్తో తిప్పితే ఏది గరగరమంటుందో అదే రోగి. చక్రం ఊడదీస్తే డ్రమ్ము కనిపిస్తుంది. డ్రమ్ము తీసి, లోపలి ఇరుసు బయటికి లాగితే నడుమ ఒక పెద్ద నట్టు ఉంటుంది. అది విప్పి, చక్రం బిగించే హబ్‌ను లాగి, పాత బేరింగు కొట్టి తీసి, కొత్తది కూర్చోబెట్టడమే. విప్పినవి విప్పిన వరుసలో పెట్టుకోండి. వరుస తప్పితే మటుకు కష్టం.

అక్కకు చెప్పండి, మొక్కు సంగతి నా మనసులో ఉంది.

మీ విధేయుడు,
లింగమూర్తి

తా.క.: సెలవు మాత్రం కుదరదు బావా. నేను లేకపోతే ఈ గ్యారేజీ లోపలికి ఒక్క బండి రాదు.

*

కొత్తవాడ
27-11-1983

చిరంజీవి లింగమూర్తికి,

ఆశీస్సులు. మనుషులం బాగున్నాం. కారు ఇటుకల మీద ఉంది.

నువ్వు రాసినట్టే చేశాను. ఎడమవైపు వెనక చక్రం గరగరమంది. చక్రం ఊడింది, డ్రమ్ము ఊడింది, ఇరుసు కూడా బయటికొచ్చింది. అక్కడిదాకా నన్ను నేనే మెచ్చుకున్నాను. తర్వాత నీ పెద్ద నట్టు. మొదట కాస్త తిరిగింది, సంబరపడ్డాను. ఆ తర్వాత కదిలితే ఒట్టు. పానాకు గొట్టం తొడిగి ఇద్దరం తిప్పాం, నలుగురం తిప్పాం. చివరికి ఆరు మగ్గాలు ఆపి, ఆరుగురు నేతగాళ్ళు కలిసి బలమంతా పెట్టి తిప్పారు. గొట్టం వంగింది. నట్టు నన్ను చూసి నవ్వుతోంది. చాయ్ చల్లారేలోపు అన్నావు కదా, ఇక్కడ మూడు రోజుల చాయ్ చల్లారింది.

ఇంకో ముచ్చట. విప్పిన ప్రతి ముక్కకూ నేనొక రంగు నూలు కట్టాను. మొదటిదానికి ఎరుపు, తర్వాత పసుపు, తర్వాత ఆకుపచ్చ, మన జంపఖానాలో పట్టెలు వేసే వరుసే. నేసేవాడిని, వరుస తప్పుతానా? మా అమ్మ చూసింది. "మంచి నూలు తీస్కపోయి ఇనుప తుక్కుకు కట్టిండు, వీనికి సోయి లేదు" అని అన్నీ విప్పి, ఉండ చుట్టి, గూట్లో దాచింది. ఇప్పుడు నా దగ్గర పదకొండు ఇనుప ముక్కలు, ఒక నూలు ఉండ ఉన్నాయి. ఏది ముందో, ఏది వెనకో నువ్వే రాయాలి.

ఇంకా ఓపికతోనే ఉన్న
మీ బావ

తాజా కలం: తమ్ముడా, ఓపిక అని రాసిండు, నమ్మకు. నిన్న పానా ఎత్తేస్తె పోయి నూలుకు రంగేసే గోళెంల పడ్డది. ఇప్పుడు పానా నీలం, మీ బావ చేతులు నీలం, పొద్దుగాల మొకం కడుక్కున్నడు, మొకం సుత నీలమే.

*

బొంబాయి
4-12-1983

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. తప్పు నాదే. ఎడమవైపు నట్టు అన్ని నట్లలాగా విప్పుకోదు. దాని మర ఎదురు మర. మామూలుగా బిగించే వైపు తిప్పితే విప్పుకుంటుంది, విప్పే వైపు తిప్పితే బిగుసుకుంటుంది. బండి పరుగెత్తేటప్పుడు దానంతట అది ఊడిపోకుండా అలా చేస్తారట. అంటే, చేస్తారు. మాకు రోజూ చేసే పని కాబట్టి రాయడం మరిచాను. మీ ఆరుగురు మూడు రోజులుగా దాన్ని బిగిస్తున్నారు.

పదకొండు ముక్కల బొమ్మలు వేసి, వరుసగా అంకెలు పెట్టి వేరే కాగితం జతచేశాను. ఈసారి నూలు కట్టకండి, సుద్దముక్కతో అంకెలు వేయండి. కొత్త బేరింగు రిజిస్టర్ పార్సిల్‌లో పంపాను. కొట్టేటప్పుడు బయటి రింగు మీద చెక్క పెట్టి, చుట్టూ సమంగా కొట్టాలి. లోపలి రింగు మీద ఒక్క దెబ్బ పడినా కొత్తది కూడా మూలుగుతుంది.

మీ విధేయుడు,
లింగమూర్తి

తా.క.: మీ నట్టు సంగతి ఇక్కడ మా గ్యారేజీ ఉస్తాద్‌కు చెప్పాను. ఆ ఆరుగురినీ బొంబాయి పంపితే లారీల సెక్షన్‌లో పెట్టుకుంటానన్నాడు.

*

కొత్తవాడ
13-12-1983

లింగమూర్తికి,

చిరంజీవి అని రాయలేదని బాధపడకు. కోపం తగ్గాక రాస్తాను.

నట్టు వచ్చింది. ఆరుగురం బిగించినదాన్ని ఎనిమిది మందిమి విప్పాం. హబ్‌కు పగ్గం కట్టి లాగితే అదీ వచ్చింది, దానితో పాటు వెనక్కి పడి కట్టయ్య నడుమూ పట్టింది. పాత బేరింగు ఊడగొట్టాను. గుండ్లన్నీ అరిగి ఉన్నాయి, నీ మాట నిజమే. ఇక కొత్తది కూర్చోబెట్టడమే అనుకుని సంతోషంగా బజారుకు పోయాను. నేను లేనప్పుడు నీ పార్సిల్ వచ్చింది.

ఇంటికొచ్చి చూస్తే బేరింగు తులసికోట మీద ఎండకు ఆరుతోంది. పసుపు రాసి ఉంది, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. వెండి కడియమంత తెల్లగా మెరుస్తోంది. "దీనికున్న గ్రీజేది?" అన్నాను.

"గ్రీజంటె ఆ జిడ్డేనా? పట్టుకుంటె చేతులు జారబట్టె. మా తమ్ముడు గంత దూరం కెల్లి పంపిన సామాను, గట్లనే పెడ్తమా? బూడిద పెట్టి, పీచుతోని మూడుసార్ల తోమిన. అద్దమోలె అయింది సూడు" అంది మీ అక్క.

లింగమూర్తీ, అది బూడిదతో తోమింది! గుండ్లు తిరిగే చోటల్లా బూడిద, పీచు పోగులు. తిప్పితే ఇసుక నమిలినట్టు చప్పుడు. పాతది మూలిగేది, కొత్తది పళ్ళు కొరుకుతోంది. గ్రీజుతోనే బిగించాలని, ఆడవాళ్ళ కంట పడనీయకూడదని నువ్వెందుకు రాయలేదు? ఇంకెన్ని సంగతులు దాచిపెట్టావు?

ఇట్లు,
మార్కండేయులు

తాజా కలం: తమ్ముడా, నువ్వే చెప్పు. కొత్త సామాను ఇంట్లకొస్తె కడగకుంట వాడుతరా? మూడు దినాలసంది నాతోని మాట్లాడుతలేడు. చాయ్ ల చక్కెర లేకుంటె మాత్రం మాట్లాడుతాండు.

*

టెలిగ్రాము
బొంబాయి, 18-12-1983

బేరింగు బిగించవద్దు. తిప్పవద్దు. ఇంకొకటి పంపుతున్నాను. అక్కను దూరంగా ఉంచండి. లింగమూర్తి.

*

బొంబాయి
20-12-1983

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. టెలిగ్రాము అందిందనుకుంటాను. కిరోసిన్‌తో కడిగితే బాగవుతుందేమో అని కూడా ఆలోచించకండి, అందులో చేరిన బూడిద పోదు. రెండో బేరింగు పార్సిల్ చేశాను. పైన "విప్పవద్దు, కడగవద్దు, పూజించవద్దు" అని ఎర్ర సిరాతో రాశాను. పోస్టాఫీసులో గుమాస్తా లోపల దేవుడి విగ్రహముందా అని అడిగాడు.

అక్కను ఏమీ అనకండి. చిన్నప్పుడు నా పలక కూడా అలాగే బూడిదతో తోమేది.

మీ విధేయుడు,
లింగమూర్తి

తా.క.: గ్రీజు బేరింగులోనే ఉండాలి. బ్రేకుల మీద చుక్క కూడా పడకూడదు. ఇది ముందే రాస్తున్నాను, తర్వాత నన్ను అనవద్దు.

*

కొత్తవాడ
5-1-1984

లింగమూర్తికి,

నీ టెలిగ్రాము వచ్చింది. మన వాడలో టెలిగ్రాము ఎందుకొస్తుందో నీకు తెలుసు కదా? పోస్టుమ్యాన్ సైకిల్ దిగకముందే మా అమ్మ ఏడుపు అందుకుంది. పక్కింటివాళ్ళు వచ్చారు, పొయ్యి ఆర్పారు. కాగితం విప్పి "బేరింగు బిగించవద్దు" అని నేను చదివితే, "బేరింగు ఎవలు, మనకేమైతడు?" అని ఏడుస్తూనే అడిగారు.

ఇక కారు సంగతి. రెండో బేరింగు వచ్చింది, నేనే విప్పాను, ఎవరూ కడగలేదు. నువ్వు చెప్పినట్టు బయటి రింగు మీద చెక్క పెట్టి కొట్టి కూర్చోబెట్టాను. అంతా బిగించాక చక్రం తిప్పితే ఎక్కడో కిర్రుమంది. మగ్గంలో కిర్రుమన్న చోటల్లా నూనె పోస్తాం, అలాగే పోశాను. అది బ్రేకు దగ్గరట. బండి తీసి సందు మలుపులో బ్రేకు తొక్కితే ఆగదే! మెల్లగా పోయి, పోయి, మన రంగుల షెడ్డులో దూరి ఎర్ర గోళెం దగ్గర ఆగింది. ఇప్పుడు కారు నడుము దాకా ఎరుపు.

ఇక చాలు. ఉత్తరాలతో కారు బాగు కాదు. నువ్వు ఎనిమిదేళ్ళుగా ఈ వాడ మొహం చూడలేదు. ఫిబ్రవరి పదో తారీఖులోపల నువ్వు దిగాలి, నీ చేతులతో ఆ చక్రం విప్పాలి. నిన్ను పిలిపిస్తున్నానని చెప్పగానే రైస్ మిల్లు రాజేశ్వర్ రావు తన జీపు తెచ్చి మన ఇంటి ముందు పెట్టి పోయాడు. దాని వెనక ఒక వ్యాను, రెండు మోటారు సైకిళ్ళు ఉన్నాయి. రాకపోతే నేను నీకు బావను కాను.

మార్కండేయులు

తాజా కలం: తమ్ముడా, మీ బావ కోపం పట్టించుకోకు. ఎటూ తొందర లేదు. కారు కింద మన కోడి పొదుగుతాంది, పన్నెండు గుడ్లు. పిల్లలు లేసేదాక కారును కదిలియ్య. నువ్వు మాత్రం జాతరకు రా. నువ్వు లేకుంట నేను తక్కెడల ఏం పెట్టాలె?

*

బొంబాయి
16-1-1984

బావగారికి,

క్షేమమని రాయలేకపోతున్నాను. ఈ ఉత్తరం మూడుసార్లు చింపి రాస్తున్నాను.

బావా, నేను మెకానిక్‌ను కాను. ఎప్పుడూ కాలేదు. గ్యారేజీ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాను. లోపలికి వచ్చే బండి నంబరు, బయటికి పోయే బండి నంబరు రిజిస్టరులో రాస్తాను. అదే నా పని. ఎనిమిదేళ్ళలో ఒక్క నట్టు తిప్పలేదు.

మొదట్లో "గ్యారేజీలో పని దొరికింది" అని మాత్రమే రాశాను. "మా తమ్ముడు మోటార్లు బాగు చేస్తాండని వాడంతా చెప్పిన, అందరికి శక్కర పంచిన" అని అక్క జవాబు రాసింది. కాదని రాయడానికి పెన్ను పట్టుకున్నాను. అక్క పంచిన చక్కెర గుర్తొచ్చి రాయలేకపోయాను. ఆ ఏడు రాయలేదు, తర్వాతి ఏడు ఇంకా కష్టమైంది. ఉత్తరమంటేనే భయం పట్టుకుంది. అందుకే ఏడాదికొకటి, అదీ నాలుగు లైన్లు రాసి ఊరుకునేవాడిని.

మీకు రాసిన ప్రతి మాటా ఉస్తాద్‌ను అడిగి రాసిందే. ఎదురు మర సంగతి మీ ఉత్తరం వచ్చాకే నాకూ తెలిసింది. ఆ పదకొండు బొమ్మలు ఆయన నేల మీద గీస్తే నేను కాగితం మీద ఎక్కించాను. మీరు రంగుల షెడ్డులోకి పోయారని చదివి రెండు రాత్రులు నిద్రపోలేదు. మీకేమన్నా అయి ఉంటే? నా అబద్ధం మీద మీరు బండి నడుపుతున్నారు. దయచేసి దాన్ని భాస్కర్ దగ్గరికి తీసుకుపోండి.

నేను రాలేను. రాజేశ్వర్ రావు జీపు ముందు నిలబడి ఏం చెప్పను? అక్క వాడంతా తిరిగి ఏం చెప్పుకుంటుంది? మొక్కు తీరకపోయినా ఫరవాలేదు, ఆమె తల దించుకోకూడదు.

తప్పు చేసిన
లింగమూర్తి

తా.క.: ఈ ఉత్తరం అక్క కంట పడనీయకండి.

*

కొత్తవాడ
24-1-1984

చిరంజీవి లింగమూర్తికి,

మీ బావ ఆశీర్వదించి రాసేది. నీ ఉత్తరం మొదట చదివింది మీ అక్కే. నీ ఉత్తరాలన్నీ మొదట ఆమే చదువుతుంది, ఈ ఇంట్లో నావంతు ఎప్పుడూ రెండోదే.

నిన్ను గట్టిగా తిడదామని కూర్చున్నాను. ఎనిమిదేళ్ళు! నిన్ను చూసుకుని భాస్కర్ ముందు ఎంత నీలిగాను! కానీ తిట్టే మొహం నాకు లేదు. ఎందుకు లేదో విను.

కారు బాగై నెల దాటింది.

బేరింగును బూడిదతో తోమిందని నీకు రాసిన ఉత్తరం డబ్బాలో వేసిన మర్నాడే, సిగ్గు చంపుకుని భాస్కర్ దగ్గరికి పోయాను. ఆ సైజు బేరింగు అతని కొట్లోనే ఉంది. మనింటికొచ్చి పూటలో బిగించి ఇచ్చాడు. లేచేటప్పుడు, "బొంబాయికి నా నమస్తె రాయుండ్రి" అన్నాడు. ఇప్పుడు కారు చప్పుడు లేకుండా పోతోంది, ఎప్పుడేం ఊడిపడుతుందోనని నాకే బుగులు పుడుతోంది. నీ రెండో బేరింగు బీరువాలో ఉంది, విప్పలేదు, కడగలేదు.

కిందటి ఉత్తరంలో టెలిగ్రాము వచ్చిన ముచ్చట ఒక్కటే నిజం. బ్రేకులో నూనె లేదు, రంగుల షెడ్డు లేదు, జీపు లేదు, కోడి లేదు. ఒక పక్క మీ అక్క చెప్తుంటే నేను రాశాను. ఎర్ర గోళెం నేను కలిపాను, ఒప్పుకుంటాను. ఎందుకు చేశామో ఆమే రాస్తుంది. నాకు ఇలాంటివి రాయడం రాదు.

బుద్ధిగా బండెక్కు. ఏ తారీఖున దిగుతావో ఒక కార్డు ముక్క రాయి, టెలిగ్రాము మాత్రం కొట్టకు. స్టేషనుకు కారు తెస్తాను. నిన్ను డిక్కీలో కూర్చోబెట్టాలనే ఉంది, కానీ అక్కడ బెల్లం పెట్టాలి.

మీ బావ
మార్కండేయులు

తాజా కలం: లింగం, అక్కను రాస్తాన. నీ ఉత్తరం సదివి శానసేపు ఏడ్సిన. నువ్వు మెకానిక్ కాదని కాదు. గంత చిన్న ముచ్చట నాతోని చెప్పనీకి నువ్వు ఎనిమిదేండ్లు బుగులువడ్డవని.

నువ్వు ఏడాదికి ఒక ఉత్తరం రాస్తివి. అక్క మంచిగున్నవా, నేను మంచిగున్న, గంతే. బేరింగు పోయినంక పదిహేను దినాలకొకటి రాయబడితివి. పేజీలకు పేజీలు. అండ్ల ఇనుప ముచ్చట్లే ఉన్నా నాకేంది, నీ చెయ్యి రాత. కారు బాగైందని రాస్తె మల్ల రాయవని భయమైంది. అందుకనే బాగు కాలేదని, నువ్వే వచ్చి విప్పాలెనని మీ బావతోని రాయించిన. తప్పు నాదే, ఆయన్ని ఏమనకు.

ఇగ వాడల ఎవలన్న అడిగితె, మా తమ్ముడు గేటు కాడ కూసుంటడు, ఆయన రాయంది ఒక్క బండి లోపటికి పోదని నేనే చెప్త. జీపులు, వ్యానులు ఏం లేవు, ఫికర్ జెయ్యకు. వచ్చి తక్కెడల కూసో. కారు కింద పన్నా, గేటు కాడ కూసున్నా నీ బరువు నీ బరువే గద.